మూడో పియాలా

జనవరి 21, సోమవారం

మా ఆయన రచయిత అయ్యాడట. ఈ సంగతి నాకు మా ప్రిన్సిపాల్ దామిరా చెప్పింది, స్టాఫ్ రూములో, పదిమంది ముందు.

జిల్లా పత్రిక కొత్త సంచిక టేబుల్ మీద పడేసి, ఏమమ్మా సైరా, ఇంట్లో రచయితని పెట్టుకుని మాటమాత్రమైనా చెప్పలేదే, మా దిష్టి తగులుతుందనా అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పేజీ తిప్పితే నిజమే. ‘దారి పక్క ఇల్లు’, కథ, ఎర్మెక్ జుమాలియెవ్. పైన ఫొటో. డ్రైవింగ్ లైసెన్సు మీదిది.

ఎర్మెక్ దోలోన్ కనుమ మీద మంచు తీసే బండి నడుపుతాడు. ఒక వారం కొండ మీద రోడ్డు పోస్టులో, ఒక వారం ఇంట్లో. శుక్రవారం డ్యూటీ మారుతుంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో అతను రాయగా నేను చూసిన అతి పొడవైన వాక్యం ‘ఉప్పు అయిపోయింది, తీసుకురా’. అలాంటివాడు కథ రాశాడు. నార్యిన్ ఊళ్ళో సగంమందికి సాహిత్యం చెప్పినదాన్ని నేను. నాకు చూపించలేదు.

కథలో ఒక్క అక్షరదోషం లేదు. ఎవరో దిద్దారు. ఎవరు?

జనవరి 22, మంగళవారం, మధ్యాహ్నం రెండు

మూడుసార్లు చదివాను. బాగుంది. అదే నా కడుపుమంట.

కథ చిన్నదే. ఒక లారీ డ్రైవరు. దారి పక్క ఇంట్లో ఆనారా అనే అమ్మాయి. వస్తానని మాటిచ్చి ఏడేళ్ళు అటు తొంగిచూడని మనిషి, ఒక సాయంత్రం మంచులో ఆ తలుపు తడతాడు. ఆమె లోపలికి రమ్మంటుంది. భోజనాల బట్ట పరుస్తుంది, రొట్టె పెడుతుంది, చాయ్ పోస్తుంది. ఎక్కడున్నావు, ఏమయ్యావు అని అడగదు. ఆవు ఈనిందని చెబుతుంది. మొదటి పియాలాలో కొంచెం పోస్తుంది. రెండోదాంట్లో కొంచెం. మూడోసారి మాత్రం అంచుదాకా పోసి ఇస్తుంది. అతను రెండు చేతులా అందుకుంటాడు. ఆమె కిటికీ వైపు చూస్తుంది. కథ అయిపోయింది.

అతిథికి సగం పోస్తే ఉండు, మళ్ళీ మళ్ళీ పోస్తాను అని. అంచుదాకా పోస్తే తాగి లెమ్మని. ఇది మా కిర్గిజ్‌వాళ్ళలో బట్ట పక్కన పాకే పిల్లకి కూడా తెలుసు. కాబట్టి ఆనారా అతన్ని పొమ్మంది. సరే. కానీ పొమ్మనే మనిషి బయట గాలి ఎలా ఉందో కిటికీలోంచి ఎందుకు చూస్తుంది? లేక ఏడేళ్ళ తర్వాత వచ్చాడన్న సంతోషంలో చెయ్యి అదుపు తప్పిందా?

ఇది టీచరు అడిగే ప్రశ్న. పెళ్ళాం అడిగే ప్రశ్న వేరు. ఆనారా ఎవరు?

పిల్లలకి ఏటా చెబుతాను, రచయితనీ పాత్రనీ కలపకండి, అది చదవడం రానివాళ్ళ పని అని. చదవడం రానిదాన్నే. కలిపేశాను.

జనవరి 23

మెడ వెనక పుట్టుమచ్చ ఉందని రాశాడు. నాకు లేదు.

జనవరి 25, శుక్రవారం

వచ్చాడు. బూట్లు విప్పుతుండగానే పత్రిక ముందు పెట్టాను. ఇంకా నోరు కూడా తెరవలేదు, అదంతా కల్పనే సైరా అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

నేనేమీ అడగలేదే అన్నాను. అడగబోతున్నావు కదా అన్నాడు.

నాకెందుకు చూపించలేదు అంటే, చూపిస్తే ఎర్ర పెన్ను తీస్తావు, నాకు భయం అన్నాడు. మరి ఎవరు దిద్దారు? పత్రిక ఆఫీసులో ముసలాయన ఒకడున్నాడట. ముసలాయనో, ముసలమ్మో, ఎవరు చూడొచ్చారు.

మూడు పళ్ళేల లగ్మాన్ తిని నిద్రపోయాడు. తప్పు చేసినవాడు అంత తినగలడా? మా నాన్న తినేవాడు.

జనవరి 26, శనివారం

దారి పక్క ఇల్లు. కనుమ కింద దారి పక్కన ఉన్నది ఒక్కటే ఇల్లు. తుర్సునాయ్ చాయ్ కొట్టు. డ్యూటీకి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వీళ్ళంతా అక్కడే ఆగుతారు. ఇన్నేళ్ళుగా ఇంటికొచ్చి తుర్సునాయ్ రొట్టె, తుర్సునాయ్ మీగడ అంటూనే ఉన్నాడు. నేను మీగడ గురించే అనుకున్నాను. ఎంత మొద్దుని!

రేపు వెళ్తాను. మా అక్కని చూడ్డానికి అని చెప్పాను. పాపం, మీ అక్కకి ఇవ్వు అని సంచీడు ఆపిల్‌పళ్ళు కట్టి ఇచ్చాడు. ఈ మనిషి మంచితనం కూడా అనుమానంగానే ఉంది.

జనవరి 27, ఆదివారం, సాయంత్రం

నా సవతిని చూశాను. అరవై రెండేళ్ళు. ముందు పళ్ళు నాలుగూ బంగారానివి. నవ్వితే కొట్టంతా వెలుగొస్తుంది.

నేను గుమ్మంలో అడుగుపెట్టగానే, నువ్వు ఎర్మెక్ పెళ్ళానివి కదూ, రా చెల్లీ, పొయ్యి పక్కకి రా అంది. ఎలా గుర్తుపట్టావంటే, తలుపు తీసి ముందు గోడ మీద బోర్డు చదివావు, అందులో తప్పు చూసి మొహం చిట్లించావు, టీచరమ్మవి కాక ఎవరివి అంది. మీ ఆయన ఇక్కడ కూచుని మా ప్రాణం తీస్తాడు, మా సైరా ఇలా అంటుంది, మా సైరా అలా అంటుంది, డ్రైవర్లంతా నీకు జడుస్తారు అంది.

సంతోషించాల్సిన మాటే. సంతోషించాను కూడా, రెండు పియాలాల వరకు. సగం సగం పోస్తూ, వేయించిన బోర్సోక్ ముక్కలు ముందుకి తోస్తూ, ఎంతకీ లేవనివ్వలేదు. ఆపిల్‌పళ్ళు ఆవిడకే ఇచ్చేశాను.

అప్పుడు నేనే ఊరుకోక కథ సంగతి ఎత్తాను. చదవలేదు గానీ విన్నానమ్మా, డ్రైవర్లు ఇక్కడే పైకి చదివారు అంది. ఆ మూడో పియాలా దగ్గర ఇద్దరు కొట్టుకోబోయారట. ఒకడు పొమ్మంది అంటాడు, ఒకడు చెయ్యి వణికింది అంటాడు. మీ ఆయన మాత్రం మూల కూచుని పొద్దుతిరుగుడు గింజలు తింటూ ఒక్క మాట అనలేదు అంది.

ఆ తర్వాత గొంతు తగ్గించి, ఓసారి నన్నొకటి అడిగాడమ్మా అంది. మనవాళ్ళు కాని ఆడది, కానీ మన మధ్యే పుట్టి పెరిగింది, మన మర్యాదలన్నీ తెలుసు. అలాంటిది పియాలా నిండా పోస్తే ఏమనుకోవాలి అని అడిగాడట. ఎప్పుడు అంటే మొన్న శరత్కాలంలో అంది. ముందు ఆ ఆడది ఎవరో చెప్పు, తర్వాత పియాలా సంగతి చూద్దాం అన్నాను, నవ్వేసి లేచిపోయాడు అంది. అని తనూ నవ్వింది.

వ్యాన్‌లో తిరిగొస్తూ దారి పొడుగునా అదే. మనవాళ్ళు కాని ఆడది.

ఇంటికి రాగానే, మీ అక్క ఎలా ఉంది అని అడిగాడు. బంగారు పళ్ళు కట్టించుకుంది అన్నాను.

జనవరి 28, సోమవారం

ఎర్మెక్ మాట్లాడేది కిర్గిజ్, తాగేది కుమిస్, తిరిగేది గొర్రెల మధ్య. వేరేవాళ్ళతో ఎక్కడ మెలిగాడు? ఒక్కచోటే. డ్రైవింగ్ కోర్సు కోసం తొక్మోక్‌లో వాళ్ళ మేనత్త ఇంట్లో ఏడాదిన్నర ఉన్నాడు. తొంభై ఒకటి, తొంభై రెండు. నాకు తెలియకముందు.

ఇంటర్వెల్‌లో మేనత్త కాలిపాకి ఫోన్ చేశాను. కాళ్ళనొప్పుల సంగతి పావుగంట విన్నాక, అత్తయ్యా, అప్పట్లో మీ పక్కిళ్ళలో ఎవరుండేవాళ్ళు అన్నాను. చెవిటిది కానీ తెలివితక్కువది కాదు. ఎందుకే అంది. ఊరికే, క్లాసుకి కావాలి అన్నాను. అబద్ధాలు ఇప్పుడు సులువుగా వస్తున్నాయి.

గోడకవతల జర్మన్లు ఉండేవారట. యుద్ధకాలంలో తోలుకొచ్చినవాళ్ళు, ఇక్కడే పాతుకుపోయారు. వాళ్ళకో కూతురు, ఎర్నా. మనకంటే బాగా కిర్గిజ్ మాట్లాడేదట. గుర్రాల పాలు పితికేదట. జడ ఇంత లావట. బంగారంలాంటి పిల్ల, తొంభై రెండులో అందరూ జర్మనీ వెళ్ళిపోయారు, వెళ్ళేరోజు నేను ఏడ్చాను అంది అత్తయ్య. ఇరవై ఏళ్ళ తర్వాత ఫోన్‌లో మళ్ళీ ముక్కు చీదింది. నా పెళ్ళిలో ఏడవలేదు ఈవిడ.

ఆ తర్వాత గంట ‘పోలికలు, విశేషణాలు’ చెప్పాను. ఏం చెప్పానో తెలియదు.

జనవరి 29

ఎర్నా. ఎర్నా. ఎర్మెక్, ఎర్నా. పేర్లు కూడా కలిశాయి.

ఫిబ్రవరి 1, శుక్రవారం

డ్యూటీకి వెళ్ళాడు. వారమంతా ఏమీ అడగలేదు. అడగాలని లేచి, ప్రతిసారీ గిన్నెలు కడిగాను. నా ఇల్లు ఎప్పుడూ ఇంత శుభ్రంగా లేదు.

అడిగితే ఏమంటాడు? ఆమె నన్ను పొమ్మంది, అందుకే నిన్ను చేసుకున్నాను అంటాడా? ఎవరో వద్దన్న మనిషిని నేను పద్దెనిమిదేళ్ళు దాచుకున్నానన్నమాట. అది భరించగలను. లోకంలో సగం పెళ్ళిళ్ళు అంతే. కానీ ఆమె పొమ్మనలేదనుకో? జర్మన్లు, రష్యన్లు అయినవాళ్ళకి కప్పు నిండుగా పోస్తారు. మనసు నిండా ఉందని. ఆమె వాళ్ళ పద్ధతిలో ఉండమని పోస్తే, ఈయన మన పద్ధతిలో పొమ్మంది అనుకుని లేచొచ్చేసి ఉంటే? అప్పుడు నేనేమిటి? ఒక పొరపాటు వల్ల వచ్చిన పెళ్ళాన్ని. చాయ్ తెచ్చిపెట్టిన పెళ్ళాన్ని.

ఇది చాలదన్నట్టు దామిరా పిలిచి, గురువారం ఓపెన్ లెసన్ నీదే అంది. పరీక్షల్లో ఈసారి తేలని ముగింపు మీద ప్రశ్న వస్తుందట. ఇంతకంటే తేలని ముగింపు ఎక్కడ దొరుకుతుంది, రచయిత భార్యే చెబితే ఇంకా రంజుగా ఉంటుంది అంది. రెండు స్కూళ్ళ నుంచి టీచర్లు వచ్చి వెనక బెంచీల్లో కూర్చుని నోట్సు రాసుకుంటారు.

కాదనలేకపోయాను. ఏమని కాదంటాను?

ఫిబ్రవరి 3, ఆదివారం

బిష్కెక్‌లో చదివే మా అమ్మాయి నేర్పిన పుణ్యం, ఇంటర్నెట్‌లో ఎర్నాలని వెతికాను. ముప్పై ఏడుమంది. అందరినీ చూశాను. అందరూ బాగానే ఉన్నారు. ఒకావిడ రెండు కుక్కల్ని ఎత్తుకుని నవ్వుతోంది. ఆవిడ అయి ఉండదులే అనుకున్నాను. తర్వాత గంటసేపు ఆవిడ మెడ చూస్తూ కూర్చున్నాను. స్కార్ఫ్ ఉంది.

ఫిబ్రవరి 7, గురువారం, సాయంత్రం ఐదు

అయింది.

పదకొండో క్లాసు. వెనక పద్నాలుగుమంది టీచర్లు. దామిరా ముందు వరసలో, మోకాళ్ళ మీద నోట్‌బుక్. బోర్డు మీద రాశాను: ఆనారా మూడో పియాలా నిండా ఎందుకు పోసింది? కింద రెండోది, ఎప్పుడూ రాసేదే: కథలోంచి ఆధారం చూపండి.

బెక్జాత్ లేచి, పొమ్మంది సైరా ఎజె, ఏడేళ్ళు రానివాడికి ఆ మాత్రం పోయడమే ఎక్కువ, మా అమ్మయితే నెత్తిన పోసేది అన్నాడు. వెనక బెంచీలు నవ్వాయి. ఒకమ్మాయి, చెయ్యి వణికింది అంది. ఆధారం అంటే లేదు. ఇంకొకడు, నిండా పోస్తే వేడిగా ఉంటుంది, చల్లారేదాకా కూర్చోవాలి, కూర్చోబెట్టడానికే పోసింది అన్నాడు. మంచి జవాబు. వెనకాల పెన్నులు కదిలాయి.

చివరికి ఆల్తినాయ్ చెయ్యెత్తింది. ఆ పిల్లకి అమ్మమ్మ రష్యన్. నెమ్మదిగా మొదలుపెట్టింది. సైరా ఎజె, మా అమ్మమ్మ నాన్నకి సగమే పోస్తుంది, ఆయనకి కోపం వస్తుందని. మా తాతకి మాత్రం అంచుదాకా పోసేది. ఆయన పోయాక ఎవరికీ అలా పోయలేదు. ఈ ఆనారా ఏ ఇంటి అమ్మాయో కథలో ఎక్కడా లేదు కదా, మనమే మనవాళ్ళ పిల్ల అనుకుంటున్నాం. రెండు పద్ధతులూ తెలిసిన మనిషయితే ఆ ఒక్క పియాలా ఆమెకి ఒక మాట, అతనికి ఒక మాట. ఆమె ఏ భాషలో పోసిందో అతను తప్పు చదివి ఉంటాడు. అని కూర్చుంది.

నేను సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను. దామిరా దగ్గింది. అప్పుడు, ఒకే సరైన జవాబు లేదు పిల్లలూ, ఆధారం ఉన్న ప్రతి జవాబూ సరైనదే అన్నాను. ఏటా చెప్పే మాటే. గంట కొట్టారు.

తర్వాత దామిరా భుజం తట్టి, ఆ చివర నువ్వు మౌనంగా నిలబడ్డావు చూడు, అద్భుతం, పిల్లల్ని ఆలోచించనిచ్చావు అంది. నోట్‌బుక్‌లో కూడా అదే రాసుకుందట.

ఫిబ్రవరి 9, శనివారం

నిన్న ఎర్మెక్ వచ్చాడు. ఇవాళ మధ్యాహ్నం భోజనాల దగ్గర చాయ్ పోశాను. మొదటిదే, అంచుదాకా. కొంచెం బట్ట మీద కూడా ఒలికింది.

పియాలా వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఎక్కడికి పొమ్మంటావే, బయట మైనస్ ఇరవై ఆరు అన్నాడు.

జర్మనీకి అన్నాను.

రొట్టె ఓ ముక్క తుంచాడు. తర్వాత చెప్పాడు. అంతా చెప్పాడు, పోస్టులో ఇంధనం లెక్క చెప్పినట్టు, ఒకటి తర్వాత ఒకటి. ఎర్నా వాళ్ళు వెళ్ళడానికి రెండు రోజుల ముందు మేనత్తతో కలిసి వాళ్ళింటికి వెళ్ళాడట. సామానంతా పెట్టెల్లో. బయట ఉన్నవి మూడే పియాలాలు. ఉండిపొమ్మని అడగాలని వెళ్ళాడు. అడగలేదు. ఆమె మేనత్తకి సగం పోసింది, ఈయనకి సగం పోసింది, రెండుసార్లు. మేనత్త వాకిట్లోకి వెళ్ళాక మూడోసారి నిండా పోసింది. తన పియాలా కూడా అంచుదాకా పోసుకుంది. ఈయన తాగి, మన అలవాటు ప్రకారం ఇంటిని దీవించి, లేచొచ్చేశాడు. అంతే. మెడ మీద పుట్టుమచ్చ ఉన్నమాట నిజమే.

నేను టీచర్నయిపోయాను. తన పియాలా కూడా నింపుకుందా అన్నాను. అవును అన్నాడు. అది కథలో లేదే, పత్రికవాళ్ళు కొట్టేశారా అన్నాను. లేదు, నేనే రాయలేదు అన్నాడు. ఎందుకు? రాస్తే ఇక కథేముంది అన్నాడు.

తనని తానే పొమ్మనే మనిషి ఉండదు. ఆ ఒక్క వాక్యం చాలు, పదకొండో క్లాసులో ఆఖరి బెంచీ కూడా చెప్పేస్తుంది. ఆమె ఉండమంది. ఇద్దరం తీరిగ్గా కూర్చుని తాగుదామంది.

అప్పుడు అడిగాడు. నువ్వు ఇవే చెబుతావు కదా సైరా, నువ్వు చెప్పు, ఎందుకు పోసింది అని. ఎగతాళి లేదు. నా మొహంలోకే చూస్తూ అడిగాడు.

పొమ్మనే అన్నాను.

అంతేనంటావా అన్నాడు. అంతే, మన మధ్య పెరిగిన పిల్ల, తెలియక పోస్తుందా అన్నాను. తలూపి, నేను ఒలకబోసిన చాయ్ పియాలా ఎత్తి ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు.

ఫిబ్రవరి 10

నిజం చెబితే ఏమయ్యేది? ఇక బతికినన్నాళ్ళూ పొయ్యి దగ్గర కూర్చుని, అయ్యో లేచొచ్చానే అని మనసులో అనుకునే మనిషికి నేను వండిపెట్టాలి. నా వల్ల కాదు.

ఫిబ్రవరి 13, బుధవారం

హాయిగా ఉన్నాడు. చూరుకి మేకులు కొట్టాడు, కోళ్ళగూడు బాగుచేశాడు, ఈలవేశాడు. నా అబద్ధం అతనికి అంత సుఖంగా ఉంది. నాకే ముద్ద దిగడం లేదు. గెలిచింది నేనే కదా. జర్మనీదాన్ని గుమ్మం బయట నిలబెట్టి తలుపేశాను. మరి ఇంట్లో ఆవిడ వాసన ఎందుకొస్తోంది? ఆవిడ వాసన ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు.

ఫిబ్రవరి 15

డ్యూటీకి వెళ్ళాడు. గుమ్మం దగ్గర, ఏమైనా చెప్పాలా అని అడిగాడు. ఉన్ని మేజోళ్ళు మర్చిపోకు అన్నాను.

ఫిబ్రవరి 18, సోమవారం, మధ్యాహ్నం

ఓపెన్ లెసన్ మీద పిల్లలు రాసిన వ్యాసాలు దిద్దుతున్నాను. బెక్జాత్ ఒక పేజీ రాశాడు. ఆనారా పొమ్మంది, ఎందుకంటే పొమ్మంది, ఆడవాళ్ళు అంతే. ఎర్ర పెన్నుతో ‘ఆధారం ఏది?’ అని రాసి, ఐదుకి రెండు వేశాను. తర్వాతి పేపరు తీశాను. చదవలేకపోయాను. మళ్ళీ బెక్జాత్ పేపరే తీసి నా అక్షరాలే చూస్తూ కూర్చున్నాను.

ఆధారం నా చేతిలో పెట్టి అడిగాడు. దాన్ని పక్కకి తోసి జవాబు చెప్పాను. చదువు విషయంలో ఎవరికీ ఎప్పుడూ ఆ పని చేయలేదు నేను. ప్రిన్సిపాల్ మేనల్లుడికి కూడా రెండే వేసినదాన్ని.

అది కాదు అసలు సంగతి. అసలు సంగతి ఇది. ఎవరో ఒక పిల్ల ఇరవయ్యో ఏట, పెట్టెలు కట్టుకున్న ఇంట్లో, ఉన్న ధైర్యమంతా కూడగట్టి ఒక పియాలా నింపింది. ఇరవై ఏళ్ళు పోయాక నేను దాన్ని పొమ్మనడంగా మార్చేశాను. ఆమె అంటే నాకింకా ఒళ్ళుమంటే. అయినా అలా చేయకూడదు.

రేపు పోస్టుకి ఫోన్ చేయాలి. కనుమ మీద మొబైల్ అందదు గానీ గోడకి పాత ఫోన్ ఒకటుంది. పొద్దున్న ఏడుకి బండి వేడెక్కుతున్నంతసేపు అతనొక్కడే ఉంటాడు.

ఫిబ్రవరి 19, ఉదయం ఏడున్నర

చెప్పాను. పొమ్మని కాదు, ఉండమనే పోసింది, నేను అబద్ధం చెప్పాను అన్నాను.

తెలుసు అన్నాడు.

ఎప్పటినుంచి అన్నాను. తొంభై మూడు వసంతంలో ఉత్తరం రాసింది అన్నాడు. ఉండమనే పోశాను, అర్థం కాలేదా మొద్దూ, వచ్చెయ్యి అని రాసిందట. జర్మనీ రావడానికి కాగితాలు కూడా పంపిందట. అప్పటికి మనకి పరిచయమై మూడు వారాలు అన్నాడు.

మరి ఎందుకు వెళ్ళలేదు అని నోటిదాకా వచ్చింది. మూడు వారాలు. అప్పుడు నేను పేడ రంగు కోటు వేసుకుని, ముక్కు కారుతూ, రోజూ అతని మాటల్లో తప్పులు దిద్దుతుండేదాన్ని.

అడగలేదు. అడిగితే చెప్పేస్తాడు.